నెట్స్‌లో కొట్టిన సిక్సర్లు

మార్చి మధ్యలో ఒక రాత్రి. తెల్లారితే డేటా స్ట్రక్చర్స్ మిడ్. హాస్టల్ రూములో నలుగురం లింక్డ్ లిస్టులతో కుస్తీ పడుతున్నాం. ఇంతలో మా రూమ్మేట్ "అరేయ్, ఇటు చూడుండ్రి" అని ఫోన్ ముందుకు తోశాడు. ఉప్పల్‌లో సన్‌రైజర్స్ ప్రాక్టీసు. నితీశ్ కుమార్ రెడ్డి నెట్స్‌లో ఆడుతున్నాడు. మహా అయితే ఇరవై సెకన్ల వీడియో. మూడు బంతులు, మూడు పెద్ద షాట్లు. బంతి ఎక్కడ పడిందో కనిపించదు, బ్యాటుకు తగిలిన చప్పుడు మాత్రం బాగా వినిపిస్తుంది. ఆ చప్పుడు కోసం ఎన్నిసార్లు వేసుకుని చూశామో లెక్కలేదు.

జనవరిలో ఇంగ్లండ్ సిరీస్ అప్పుడు పక్క కండరం పట్టేసి ఆటకు దూరమైన మనిషి, ఫిట్‌నెస్ పరీక్ష పాసై క్యాంపులో చేరాడన్న వార్త అప్పుడప్పుడే వచ్చింది. ఇంకేముంది! 2024లో టీమ్ 287 కొట్టింది కాబట్టి ఈసారి 300 ఖాయం, మనోడు పైన దిగుతాడు, సీజన్‌కు 500 చేస్తాడు. ఈ లెక్కలన్నీ రాత్రి పన్నెండింటికల్లా తేలిపోయాయి. లింక్డ్ లిస్టు ఒక్కటే తేలలేదు. నేను ఆ వీడియోను స్టేటస్ పెట్టి కింద "మనోడు వచ్చేశాడు" అని రాశాను. మిడ్‌లో నాకెన్ని వచ్చాయో ఈ పత్రికకు అనవసరం.

సీజన్ అయిపోయేసరికి నితీశ్ 13 మ్యాచుల్లో 182 పరుగులు చేశాడు. బౌలింగ్ కూడా పెద్దగా వెయ్యలేదు. మే నెలలో మా క్లాస్ గ్రూపులో అతని మీద ఒక మీమ్ వచ్చింది. అదేంటో ఇక్కడ రాయను, మంచిగా లేదు. దానికి నవ్వే ఎమోజీ పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. స్టేటస్ పెట్టిన వేలే అది. "వాడు వేస్ట్ రా" అని ఎవరో రాశారు, ఎవరూ కాదనలేదు. రెండు నెలల్లో "మనోడు" కాస్తా "వాడు" అయ్యాడు. ఆ మార్పు గురించే నేను రాయాలనుకుంటున్నది. (స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్ కట్టిన బ్యాచ్ మాది. అక్షరదోషాలుంటే క్లబ్ ఎడిటర్‌ని తిట్టండి, నన్ను కాదు.)

ముందు ఆ నెట్స్ సంగతి. నెట్స్‌లో ఫీల్డర్లుండరు. గాల్లోకి లేచిన బంతి క్యాచో సిక్సో ఎవరూ తేల్చరు. అవుటైనా అక్కడే నిలబడి తర్వాతి బంతి ఆడొచ్చు. బౌలింగ్ చేసేది ఒక్కోసారి నెట్ బౌలరు, ఒక్కోసారి త్రోడౌన్ వేసే మనిషి, ఒక్కోసారి వార్మప్ చేసుకుంటున్న సొంత టీమ్ బౌలరు. పైగా నలభై నిమిషాలు ఆడినదాంట్లో మనకు చూపించేది ఇరవై సెకన్లు, అదీ ఫ్రాంచైజీ వాళ్లే ఏరి పెట్టినది. మన భాషలో చెప్పాలంటే ట్రైనింగ్ డేటా మీద 99 శాతం యాక్యురసీ చూపించి మోడల్ రెడీ అన్నట్టు. ఆ మాట ల్యాబ్‌లో అంటే మేడమ్ రికార్డు మొహాన కొడుతుంది. క్రికెట్‌లో మాత్రం మనమే నమ్ముతాం, పదిమందికి పంపుతాం.

అయినా ఆ రాత్రి మేం పడ్డ సంబరం అబద్ధం కాదు. అసలు ఆట మొదలుకాకముందు ఉండే ఆ పదిరోజులు నాకు చాలా ఇష్టం. ఎవరూ ఓడిపోలేదు. పాయింట్ల పట్టికలో అందరికీ సున్నానే. ఇరవై ఏళ్ల కుర్రాడు ఏదైనా కావచ్చు. అమెరికాలో బేస్‌బాల్ వాళ్లకు కూడా ఇలాంటి కాలం ఉంది, స్ప్రింగ్ ట్రైనింగ్ అంటారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో జట్లన్నీ ఫ్లోరిడా, అరిజోనాలకు పోయి ప్రాక్టీసు మ్యాచులు ఆడతాయి. అక్కడ కొట్టిన పరుగులు అసలు సీజన్ లెక్కలోకి రావు. అయినా జనం టికెట్లు కొనుక్కుని పోయి, కొత్త కుర్రాడు ఒక్క హోమ్ రన్ కొడితే ఊగిపోతారు. కాబట్టి ఈ పిచ్చి మన ఒక్కళ్లది కాదు. "ఆశలు పెట్టుకోకండి, అప్పుడు బాధుండదు" అని నీతులు చెప్పేవాళ్లంటే నాకు పడదు. ఆశ పెట్టుకోకుండా ఆట చూడటమంటే ఎక్సెల్ షీట్ చూసుకోవడమే.

ఆశ తప్పు కాదు గానీ, మనం దానికి పెట్టిన వాలిడిటీ మరీ తక్కువ. ఈ వాలిడిటీ మాట మా బాబాయిది. ఆయనకు కాజీపేటలో మొబైల్ షాపుంది. నా స్టేటస్ చూసి ఫోన్ చేశాడు. "ఏందిరా, మనోడు వచ్చేసిండా? ఎన్ని రోజుల ప్యాక్ ఏసినవ్? ఇరవై ఎనిమిదా, ఎనభై నాలుగా?" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. సెలవుల్లో షాపుకు పోయినప్పుడు కౌంటర్ కింద నుంచి ఒక పాత నోట్‌బుక్ తీసి చూపించాడు.

అది ఆయన ఇంటర్ సీఈసీ చదివేటప్పటి అకౌంట్స్ నోట్‌బుక్. మొదటి పది పేజీల్లో జర్నల్ ఎంట్రీలు, ఆ తర్వాత అంతా అంబటి రాయుడే. పేపర్ కటింగులు, అన్నం మెతుకులతో అంటించినవి. రాయుడు 1985లో గుంటూరులో పుట్టాడు. బాబాయి పుట్టింది కూడా 1985లోనే. 2002లో ఇంగ్లండ్‌లో అండర్-19 వన్డేలో రాయుడు 177 నాటౌట్ కొట్టాడు. అదే ఏడాది హైదరాబాద్ తరఫున రంజీలో ఆంధ్ర మీద ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్. అప్పటికి వయసు 17. "గప్పుడు మాకు వీడియోలెక్కడియిరా? పేపర్ల స్కోరు జూసుడే. షాట్ ఎట్ల కొట్టిండో మేమే కొట్టి చూసుకునేటోళ్లం" అన్నాడు బాబాయి. సచిన్ తర్వాత ఇతనే అని అప్పట్లో అందరూ అన్నారట. "అందరూ" అంటే పేపర్లవాళ్లు, కాలేజీ ముందు చాయ్ బండివాడు, లెక్చరర్లు, అందరూ.

2004 అండర్-19 ప్రపంచకప్‌కు రాయుడే కెప్టెన్. ఆ జట్టులో శిఖర్ ధావన్, సురేశ్ రైనా, దినేశ్ కార్తీక్, రాబిన్ ఉతప్ప ఉన్నారు. ఒక్కొక్కళ్లే ఇండియా జట్టులోకి పోయారు, కెప్టెన్ ఇక్కడే ఉండిపోయాడు. హైదరాబాద్ క్రికెట్‌లో గొడవలు పడి ఆంధ్రకు వెళ్లాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. 2007లో ఐసీఎల్‌లో చేరాడు. దాన్ని బోర్డు గుర్తించలేదు, ఆడినవాళ్లందరినీ పక్కన పెట్టింది. 2009లో క్షమించి రానిచ్చాక బరోడాకు ఆడాడు, ముంబై ఇండియన్స్‌కు ఆడాడు. ఇందులో ఎవరి తప్పెంతో నేను తేల్చలేను. ఆయనకూ కోపం ఎక్కువే అంటాడు బాబాయి, తన అభిమాన ఆటగాడైనా సరే. ఆ ఏళ్లలో నోట్‌బుక్‌లో కటింగులు పలచబడ్డాయి. 2007 తర్వాత రెండు పేజీలు ఖాళీగా ఉన్నాయి. వాటిని కూడా ఆయన వదిలెయ్యలేదు, ఏడాది రాసి కింద గీత గీశాడు.

2013 జూలై 24, హరారే. జింబాబ్వేతో వన్డే. రాయుడికి అది ఇండియా తరఫున మొదటి మ్యాచ్. 177 కొట్టినప్పటి నుంచి పదకొండేళ్లు. 63 నాటౌట్. అవతల కోహ్లీ సెంచరీ కొట్టాడు కాబట్టి తెల్లారి ఫొటో ఆయనదే వచ్చింది. బాబాయి ఆ ఫొటో పక్కనున్న చిన్న ముక్క కత్తిరించి అంటించాడు. అప్పటికి ఆయనకు పెళ్లయింది, షాపు పెట్టాడు, అప్పులున్నాయి, జుట్టు పోవడం మొదలైంది. "షాపుల గిరాకి ఉన్నది. నేను రీచార్జ్ ఒకరికి చేసేది ఇంకొకరికి చేసిన" అన్నాడు, ఇప్పటికీ నవ్వుతూ.

రాయుడు 55 వన్డేల్లో 47 సగటుతో 1,694 పరుగులు చేశాడు. టెస్టు ఒక్కటి కూడా ఆడలేదు. 2019 ప్రపంచకప్‌కు తీసుకోలేదు. సచిన్ తర్వాత సచిన్ అయితే కాలేదు. కానీ నోట్‌బుక్‌లో చివరి కటింగు 2023 ఐపీఎల్ ఫైనల్‌ది. వాన వల్ల అర్ధరాత్రి దాటిపోయిన మ్యాచ్, 8 బంతుల్లో 19, చేతిలో కప్పు, ముంబైతో మూడు చెన్నైతో మూడు కలిపి ఆరో టైటిల్. అది రాయుడికి చివరి ఐపీఎల్ మ్యాచ్. "నువ్వు అనుకున్నది జరగలే కదా బాబాయ్, సచిన్ కాలే కదా" అన్నాను. "నేను అనుకున్నది మా సెకండియర్ల. గాయన ఆడింది గాయన ఆట. ఇరవయ్యేండ్లు చూసిన, ఇంకేం కావాలెరా" అని నోట్‌బుక్ లోపల పెట్టేశాడు.

నేను పెట్టిన స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో దానంతటదే పోయింది.

మన నితీశ్ దగ్గరికి వద్దాం. అతని గురించి మనం నెట్స్ చూసి ఆశపడాల్సిన అవసరం నిజానికి లేదు. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో, అంటే అండర్-16లో, నాగాలాండ్ మీద 441 కొట్టాడు. ఆ సీజన్ మొత్తం 1,237 పరుగులు. 2024 ఐపీఎల్‌లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తీసుకున్నాడు. ఆ డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు, అయినా చెప్తాను, నాకు చెప్పుకోవాలనుంది. యాభైకి "తగ్గేదే లే" అని బ్యాటు గడ్డం కింద నుంచి తిప్పాడు. 99 దగ్గర ఉండగా అవతల బుమ్రా సున్నాకు అవుట్. చివరి వికెట్‌గా సిరాజ్ వచ్చాడు. కమిన్స్ వేసే మూడు బంతులు సిరాజ్ కాచుకోవాలి. మా కామన్ రూములో నలభై మంది ఉన్నాం, ఒక్కడు మాట్లాడలేదు. ఒక విశాఖ కుర్రాడి సెంచరీ కోసం ఒక హైదరాబాద్ కుర్రాడు బంతులు ఆపుతున్నాడు, అదీ ఆస్ట్రేలియాలో. ఆపాడు. తర్వాతి ఓవర్లో బోలాండ్‌ను ఫోర్ కొట్టి మోకాలి మీద కూర్చుని, నిలబెట్టిన బ్యాటు మీద హెల్మెట్ పెట్టాడు. స్టాండ్స్‌లో వాళ్ల నాన్న ముత్యాల రెడ్డి ఏడుస్తున్నాడు. హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం ఉదయ్‌పూర్‌కు మారితే, కొడుకు ఆట కోసం ఆ ఉద్యోగమే వదిలేసిన మనిషి ఆయన.

ఆ ఏడుపు వీడియో కూడా మేం ఎన్నోసార్లు చూశాం. ఐదు నెలల తర్వాత పెట్టిన మీమ్ ఆ కొడుకు మీదే. ఆ నాన్న ఫోన్‌కు కూడా ఏదో ఒక గ్రూపు నుంచి అది వెళ్లి ఉంటుందేమో అని నాకు మే నెలలో తట్టలేదు. ఇప్పుడు తడుతోంది.

ఎందుకు తడుతోందంటే, ఒకప్పుడు నేనూ "మనోడు"నే. ఇది ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇంటర్ ఫస్టియర్‌లో ఎంపీసీలో నాకు 470కి 466 వచ్చాయి. మా జూనియర్ కాలేజీ వాళ్లు హన్మకొండలో ఒక సెంటర్లో నా ఫొటోతో ఫ్లెక్స్ కట్టారు. మెళ్లో టై, పక్కన పెద్ద అక్షరాల్లో మార్కులు. బాపు ఆ దారిలో పని లేకపోయినా బండి అటు తిప్పేవాడు. మా కాలనీలో "ఐఐటీ పిలగాడు" అని పిలిచేవాళ్లు, నేనింకా జేఈఈ రాయనే లేదు. అంటే నెట్స్‌లో కొట్టాను, అంతే. సెకండియర్‌లో జేఈఈ దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే ఏం చెప్పాలి? ఫిజిక్స్ రాలేదు. ఒకరోజు ఆటోలో పోతూ చూస్తే అవే కట్టెలకు వేరే పిల్లల ఫ్లెక్స్ ఉంది. అదే టై. నన్ను ఎవరూ తిట్టలేదు, ఆ మాట నిజం. అడగడం మానేశారు. పెళ్లిళ్లకు పోతే "ఇప్పుడేం చదువుతున్నవ్" అని కూడా అడగకుండా పక్కకు జరిగేవాళ్లు, పాపం నన్ను ఇబ్బంది పెట్టొద్దని. ఆ మర్యాద తిట్టుకంటే బరువుగా ఉంటుంది. బాబాయి ఒక్కడే ప్రతి ఆదివారం వచ్చి మిర్చీలు తెచ్చిపెట్టి "ఫిజిక్స్ ఏం చేసింది రా నిన్ను?" అని అడిగేవాడు. ఇరవయ్యేండ్ల ప్యాక్ వేసే మనిషి కదా.

నాది చిన్న విషయం, ఒక ఫ్లెక్స్. నితీశ్‌కు 2025లో 22 ఏళ్లు. లక్షలమంది వేసిన ఫ్లెక్స్ అతనిది.

తిలక్ వర్మను చూడండి. హైదరాబాద్ కుర్రాడు, నాన్న ఎలక్ట్రీషియన్, కోచ్ సలాం బయాష్ తన బండి మీద ఎక్కించుకుని లింగంపల్లి అకాడమీకి తీసుకుపోయేవాడు. 2025 ఏప్రిల్ 4న లక్నోలో, ముంబై ఛేజింగ్‌లో, 23 బంతుల్లో 25 మీద ఉండగా సొంత టీమే అతన్ని రిటైర్డ్ అవుట్‌గా వెనక్కి పిలిచింది. ఆ రోజు గ్రూపులు చూసి ఉంటే అతని కెరీర్ అయిపోయిందనే అనుకోవాలి. అంతకు ఐదు నెలల ముందే సౌతాఫ్రికాలో వరసగా రెండు సెంచరీలు కొట్టాడని ఒక్కడికీ గుర్తులేదు. 2025 సెప్టెంబర్ 28న దుబాయ్‌లో పాకిస్తాన్‌తో ఆసియా కప్ ఫైనల్. 20కి 3 వికెట్లు. అక్కడి నుంచి 53 బంతుల్లో 69 నాటౌట్. తెల్లారి మళ్లీ అందరి స్టేటస్‌లో "మనోడు". ఏప్రిల్‌లో తిట్టినవాళ్లలో ముగ్గురి స్టేటస్‌లు నేను లెక్కపెట్టాను, పేర్లు చెప్పను, మన క్లబ్‌లోనే ఉన్నారు. తిలక్ బాగా ఆడాడు కాబట్టి మళ్లీ మనోడయ్యాడు. ఆడకపోయి ఉంటే ఎవరివాడు?

ఇంకోటి. ఈ మనోళ్ల లెక్కలో అమ్మాయిలు లేరు. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచకప్‌లో 309 పరుగులు, 7 వికెట్లు. స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్, ఆ టోర్నీ చరిత్రలో మొదటి సెంచరీ. ఫైనల్లో 15 పరుగులిచ్చి మూడు వికెట్లు, తర్వాత 44 నాటౌట్. అప్పుడు ఆమెకు 19, నా ఈడే. ఆ నెలలోనే మొదలైన డబ్ల్యూపీఎల్‌లో ఆమె ఏ జట్టులోనూ లేదు. టోర్నీకి ముందు ఆమె నెట్స్ వీడియో మీలో ఎవరైనా చూశారా? నేను చూడలేదు.

అంతెందుకు, మన వరంగల్ జిల్లాలోనే పర్వతగిరి మండలం కల్లెడ ఉంది. జీవాంజి దీప్తిది ఆ ఊరే. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లు పరుగెత్తే టీ20 విభాగంలో (ఈ టీ20 వేరు, కంగారు పడకండి) 2024 మేలో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ సెప్టెంబర్లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. చిన్నప్పుడు ఊళ్లో వాళ్లు ఆ పిల్లను ఏమని పిలిచేవాళ్లో వాళ్ల అమ్మానాన్నే ఇంటర్వ్యూల్లో చెప్పారు. బడిలో పీటీ సారు చూసేదాకా ఆమె మీద ఎవరూ ఏ ఆశా పెట్టుకోలేదు. మనం పెద్ద టాలెంట్ స్కౌట్లమన్నట్టు నెట్స్ వీడియోలు పంచుకుంటాం గానీ, ఇంత దగ్గర ఉన్న మనిషి మనకు పతకం వచ్చాకే తెలిసింది. నేను కల్లెడ పేరు మొదటిసారి విన్నది ఆ పతకం రోజే. ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ని.

మొన్న దసరా సెలవుల్లో సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు పోయాం. పదమూడేళ్లుంటాయేమో, ఒక పిల్లవాడు అన్న బ్యాటు పట్టుకుని ఆడుతున్నాడు. బ్యాటు నడుం దాటి ఉంది. అయినా కవర్స్‌లోకి ఒక డ్రైవ్ కొట్టాడు, చూడాలి మీరు! మా రూమ్మేట్ వెంటనే "వీడు ఇండియాకు ఆడతడు రా" అని ఫోన్ తీశాడు. నేనూ తీశాను. రెండో షాట్‌కు బంతి ముళ్లకంపల్లోకి పోయింది, ఫోన్ జేబులో పెట్టుకుని వెతకడానికి పోయాను. తిరిగొచ్చేసరికి పిల్లవాడు బౌల్డ్ అయ్యి, అది నోబాలని, బ్యాటు ఇవ్వనని గొడవ పెట్టుకుంటున్నాడు. పేరు అడిగాను, ఏ క్లాసో అడిగాను. వచ్చే ఆదివారం వస్తావా అంటే ట్యూషన్ లేకపోతే వస్తానన్నాడు.